ఆవిరి రాని పొద్దు

అయిదు కావస్తోంది. బయట ఇంకా చీకటే. చప్పుడు మారింది, అందుకే మెలకువ వచ్చింది.

భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ కంప్రెసర్ పక్కనే మడత మంచం వేసుకుని ముప్పయ్యేళ్లు పడుకున్నవాణ్ణి. మిషను మామూలుగా తిరుగుతున్నంతసేపూ హాయిగా నిద్రపోతాను. దాని గొంతు మారిందంటే కళ్లు వాటంతటవే తెరుచుకుంటాయి. ఇప్పుడు నేనున్నది అమెరికాలో, నార్త్ కరోలినాలోని కేరీ అనే ఊళ్లో, మా అబ్బాయి ఇంట్లో, మేడ మీది గదిలో. దుప్పటి మెడదాకా లాక్కుని వింటున్నాను. గోడకి అవతల, పెరటివైపు, హీట్ పంపు బయటి యూనిట్ మూలుగుతోంది. రోజూ వినబడే గాలి హోరు లేదు. ఫ్యాను రెక్క దేనికో ఒరుసుకుంటున్నట్టు గరగర, మధ్యమధ్య టకటక.

శాలువా కప్పుకుని నాతోపాటు మెట్లు దిగండి. చెక్క మెట్లు అరికాళ్లకి చల్లగా తగులుతున్నాయి. హాల్లో గోడకున్న థర్మోస్టాట్ నీలంగా వెలుగుతోంది. పెట్టింది 69, ఇంట్లో ఉన్నది 60. ఇక్కడ ఫారన్‌హీట్ లెక్క కదా, మన సెల్సియస్‌లో పదిహేనున్నర. మూలన చిన్న అక్షరాల్లో ‘ఆక్స్ హీట్’ అని ఉంది. అంటే హీట్ పంపు ఒక్కదానివల్లా కావడం లేదని, లోపలి కరెంటు కాయిల్స్‌ని కూడా తోడు పిలిచిందన్నమాట. తోడు వచ్చాక కూడా ఇల్లు వేడెక్కలేదంటే తప్పు ఒక్కచోట లేదు.

వంటింట్లో లైటు వెలిగింది. కోడలు స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని పాలు పొయ్యి మీద పెడుతోంది.

“మీరెందుకు లేచారు మావయ్యగారూ? చల్లగాలి వస్తోంది. పిల్లాడికి ఇంకో దుప్పటి కప్పొచ్చాను.”

చల్లగాలి అనే మాట ఈ ఇంట్లో నవంబరు నుంచీ వింటున్నాను. అప్పటి చల్లగాలి జబ్బు కాదు. గ్యాసు మంటతో వేడిచేసే ఫర్నేసు నుంచి గాలి 120 డిగ్రీలు దాటి వస్తుంది, ముఖానికి సెగ తగిలినట్టుంటుంది. హీట్ పంపు గాలి 90, 100 మధ్యలో ఉంటుంది. మన ఒంటి వేడి 98. అందుకే అరచెయ్యి పెడితే చల్లగా ఉన్నట్టే తోస్తుంది గానీ ఇల్లు మాత్రం మెల్లగా వెచ్చబడుతుంది. ఈ తేడా తెలియక ఎంతోమంది బాగున్న మిషనుకి మెకానిక్కుని పిలుస్తారు. కానీ ఇవాళ సంగతి వేరు. ఓ టిష్యూ కాగితం తీసి నేల మీదున్న గాలి జాలీ దగ్గర పట్టుకున్నాను. కాగితం కదిలీ కదలనట్టుంది. గాలి చల్లబడడం అటుంచి, అసలు రావడమే తగ్గిపోయింది.

గాలి తగ్గిందంటే ముందు చూడాల్సింది ఫిల్టర్. హాలు పైకప్పుకి, ఇల్లంతా తిరిగిన గాలిని వెనక్కి పీల్చే పెద్ద జాలీ ఉంది. స్టూలు వేసుకుని రెండు గడియలు తిప్పి దాన్ని కిందికి దించాను. ఫిల్టర్ బయటికి లాగితే కొత్తప్పుడు తెల్లగా ఉండే కాగితం కంబళి ముక్కలాగా బూడిదరంగులో ఉంది. వేలితో రాస్తే జిడ్డు అంటింది. మన ఇళ్లలో రోజూ తాలింపు ఉంటుంది, శుక్రవారం సాంబ్రాణి ఉంటుంది, వంటిల్లూ హాలూ కలిసే ఉంటాయి. ఆ నూనెపొగ అంతా చేరేది ఈ కాగితం మీదికే. డబ్బా మీద మూడు నెలలని రాసున్నా మన వంటకి అది రెండు నెలలే అనుకోవడం మంచిది.

“ఎప్పుడు మార్చారమ్మా?”

“దసరాకి అనుకుంటా మావయ్యగారూ.”

ఇప్పుడు జనవరి సగం అయింది.

ఇంతకీ ఓ కాగితం మూసుకుపోతే ఏమవుతుందనేగా? చలికాలంలో ఇంట్లో ఉన్న కాయిలే కండెన్సర్. బయటినుంచి మోసుకొచ్చిన వేడిని అక్కడే దింపాలి, దింపిన వేడిని గాలి తీసుకుపోవాలి. గాలి లేకపోతే వేడి దిగదు, గ్యాసు ఒత్తిడి పెరిగిపోతుంది, కంప్రెసర్ని కాపాడే స్విచ్ దాన్ని ఆపేస్తుంది. మా ఫ్యాక్టరీలో కండెన్సర్ మీద పడే నీళ్లు ఆగిపోతే గేజీలో ముల్లు ఎలా ఎగబాకేదో నాకు ఇప్పటికీ కళ్లకి కడుతుంది. తోడు పిలిచిన కరెంటు కాయిల్స్‌దీ అదే గతి. గాలి చాలక అవి మరీ కాగిపోతాయి, లోపలి రక్షణ స్విచ్ వాటిని ఆపుతుంది, చల్లారాక మళ్లీ వెలిగిస్తుంది. ఇల్లు వేడెక్కకపోవడానికి సగం కారణం నా చేతిలోనే ఉంది.

కొత్త ఫిల్టర్ పెట్టాను. అంచు మీద బాణం గుర్తు ఉంటుంది, అది బ్లోయర్ వైపు, అంటే గాలి పోయే వైపు ఉండాలి. జాలీ మూయగానే కింద గాలి మళ్లీ ఊపిరి పోసుకుంది. టిష్యూ కాగితం నా వేళ్లమధ్య రెపరెపలాడింది. పెరట్లో గరగర మాత్రం ఆగలేదు.

అబ్బాయి కళ్లు నులుముకుంటూ దిగాడు. “నాన్నా, ఎమర్జెన్సీ హీట్ పెట్టెయ్యనా?”

“పెట్టు. కానీ ఎందుకు పెడుతున్నావో తెలిసి పెట్టు.”

ఆ మీట నొక్కితే బయటి యూనిట్ పూర్తిగా ఆగి, ఇల్లంతా కరెంటు కాయిల్స్ మీదే నడుస్తుంది. ఈ ఇంట్లో ఉన్నవి 10 కిలోవాట్లవి. నిలకడగా వెలిగితే గంటకి 10 యూనిట్లు, రోజంతా వెలిగితే 240. భీమవరంలో మా ఇంటికి నెలంతా కలిపినా అన్ని యూనిట్లు కాలవు. ఆ కాయిల్ ఒక పాలు కరెంటు తీసుకుని ఒక పాలు వేడి ఇస్తుంది. హీట్ పంపు అదే ఒక పాలుతో, బయట చలిని బట్టి, రెండు నుంచి నాలుగు పాళ్ల వేడి తెస్తుంది. కాబట్టి బయటి యూనిట్‌ని ఆపి బాగుచేసుకునేదాకా ఎమర్జెన్సీ హీట్ మంచి ఆసరా. దాన్ని పెట్టి మరిచిపోతే నెలాఖరున బిల్లు చూసినప్పుడు గానీ తెలియదు.

గరాజ్‌లో బ్రేకర్ల పెట్టె తెరిచాం. హీట్ పంపుకి బ్రేకర్లు రెండుంటాయి, లోపలి యూనిట్‌కి ఒకటి, బయటిదానికి ఒకటి. రెండూ సరిగ్గానే ఉన్నాయి. పడిపోయి ఉంటే ఒక్కసారి పూర్తిగా ఆఫ్ చేసి ఆన్ చెయ్యొచ్చు. రెండోసారీ పడితే ఇక దాని జోలికి పోకూడదు, ఎక్కడో షార్టు ఉన్నట్టే.

ఇక పెరట్లోకి రండి. తలుపు తీయగానే చలి చెంప మీద కొట్టింది. 26 డిగ్రీలు, అంటే మన సున్నాకి ఇంకా మూడు కింద. రాత్రి ఇక్కడ వాన పడింది. ఈ ప్రాంతంలో చలికాలపు వాన ఒక్కోసారి నేలని తాకగానే గడ్డకడుతుంది. గడ్డిపోచ గడ్డిపోచకీ గాజు తొడిగినట్టుంది, పైన్ చెట్ల కొమ్మలు బరువుకి వంగి కిర్రుమంటున్నాయి. టార్చి వేశాను.

బయటి యూనిట్ ఐసు దిమ్మలో ఇరుక్కుని ఉంది. పక్కల జాలీ కనబడడం లేదు. నెత్తిన ఉన్న ఫ్యాను చట్రం చుట్టూ మందంగా గడ్డకట్టింది. ఇందాకటి గరగర రెక్క దానికి ఒరుసుకుంటూ చేసిందే. పైన చూరు గొట్టం అతుకు దగ్గర్నుంచి చుక్క తరవాత చుక్క, సరిగ్గా ఫ్యాను మధ్యలోకి పడుతోంది.

అబ్బాయిని ముందు కరెంటు తీయమన్నాను. యూనిట్ పక్కనే గోడకి చిన్న పెట్టె ఉంటుంది, మూత తీసి లోపలి పిడి లాగేస్తే చాలు. నిశ్శబ్దంలో చూరు చుక్క ఒక్కటే టప్ టప్‌మని వినబడుతోంది.

నా బతుకంతా ఐసుని చదవడంతోనే గడిచింది, కాబట్టి కాసేపు ఇక్కడ నిలబడదాం. చలికాలంలో హీట్ పంపు బయటి కాయిల్ మీద ఐసు పట్టడం తప్పు కాదు. గడ్డకట్టే చలిగాలిలో కూడా వేడి ఉంటుంది. ఆ గాలికంటే చల్లగా ఉన్న గ్యాసుని దాని పక్కన నడిపిస్తే వేడి గ్యాసులోకి దిగుతుంది. మేము వాడిన అమ్మోనియా మన సెల్సియస్ లెక్కలో సున్నాకి 33 డిగ్రీల కిందే మరుగుతుంది. ఈ పెట్టెలోని 410ఎ గ్యాసు 51 డిగ్రీల కింద. కంప్రెసర్ ఆ గ్యాసుని నొక్కి, ఎత్తుకున్న వేడిని ఇంట్లో దింపుతుంది. ఇలా ఇల్లు వెచ్చబెట్టవచ్చని 1852లోనే విలియం థామ్సన్, తరవాత లార్డ్ కెల్విన్ అని పిలిచినాయన, కాగితం మీద చూపించాడు. అదే దశాబ్దంలో ఆస్ట్రియాలోని ఎబెన్‌జే ఉప్పు కర్మాగారంలో పీటర్ రిట్టింగర్ ఆవిరిని నొక్కి, ఆ వేడితోనే ఉప్పునీళ్లు ఇగరబెట్టే యంత్రం నడిపాడు. నేను భీమవరంలో ఉప్పునీళ్ల తొట్టిలోంచి వేడి లాగి రొయ్యల లారీలకి దిమ్మలు తీశాను. మా అబ్బాయి ఇంట్లో ఆ లాగిన వేడే సరుకు, ఐసు దాని వెంట వచ్చే తాలు.

ఆ తాలు ఎలా పడిందో చూస్తే మిషను రోగం తెలుస్తుంది. కాయిల్ అంతటా సమంగా, నూగులాగా తెల్లగా పడితే అది రోజూ పడేదే, దానంతటదే కరిగిపోవాలి. కాయిల్లో ఓ భాగం మీదే మందంగా పట్టి మిగతాది పొడిగా ఉంటే గ్యాసు తగ్గిందని అనుమానించాలి. కింద మాత్రమే పాచిలాగా గడ్డకట్టి పైకి పాకుతుంటే నీళ్లు పోయే కన్నాలు ఆకులతో మూసుకున్నాయని అర్థం. మా పెట్టె మీద రెండు రకాలు కలిసి ఉన్నాయి. పైనుంచి గాజులాగా తళతళలాడేది చూరు నీళ్లదీ వానదీ. దాని వెనక కాయిల్ మీద అంతటా, పాతబడి గట్టిపడ్డ తెల్లటి ఐసు. ఆ తెల్లది ఒక్క రాత్రిలో పట్టింది కాదు. నా మనసు దాని దగ్గరే ఆగింది.

అబ్బాయి స్క్రూడ్రైవరు తెచ్చాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. కాయిల్ రేకులు కాగితంలాంటివి, వాటి లోపలి గొట్టాలు పలచన. మా ఫ్యాక్టరీలో ఓ కుర్రాడు ఐసు వదలడం లేదని గునపంతో పొడిచాడు. అమ్మోనియా బుస్సుమని వచ్చింది. తడిగుడ్డలు ముఖాలకి కట్టుకుని ఇద్దరం పాకుతూ వెళ్లి వాల్వు మూశాం. వారం రోజులు కళ్లు మండాయి. ఇక్కడి గ్యాసుకి ఆ ఘాటు లేదు గానీ ఒక్క పోటుతో కాయిలే మార్చాల్సి వస్తుంది.

గోరువెచ్చని నీళ్లు బకెట్లతో మోశాం. మరగబెట్టిన నీళ్లు వద్దు, స్నానానికి పోసుకునే వేడి చాలు. పైనుంచి నెమ్మదిగా పోస్తుంటే ఐసు పెళ్లలుగా జారింది. కోడలు చూరు గొట్టం అతుక్కి ప్లాస్టిక్ పట్టా కట్టి నీళ్లు పక్కకి మళ్లించింది. అడుగున చెయ్యి పెట్టి పైన్ సూదులు గుప్పిళ్లతో తీశాను. నీళ్లు పారిన దారి మళ్లీ గడ్డకట్టి జారుతుంది కాబట్టి దాని మీద ఉప్పు చల్లించాను. కరెంటు ఇంకా తీసే ఉంది కనుక కర్రతో ఫ్యాను రెక్కని నెట్టి చూశాను, సులువుగా తిరిగింది. కరెంటు ఇచ్చాక రెక్క కదలకుండా లోపల జుమ్మని మోత మాత్రం వస్తే చాలాసార్లు తప్పు కెపాసిటర్‌ది. అది చవక భాగమే. అయినా కరెంటు తీసేశాక కూడా దానిలో షాకు కొట్టేంత ఛార్జి నిలిచి ఉంటుంది, తెలియనివాళ్లు మూత తీయకూడదు.

ఏడున్నరకి పిడి తిరిగి పెట్టాం. చలిలో గంటల తరబడి కరెంటు పోయి ఉంటే ఇలా వెంటనే నడపకూడదు. గ్యాసు కంప్రెసర్ నూనెలో కలిసిపోయి ఉంటుంది. కరెంటు వచ్చాక కొన్ని గంటలు ఎమర్జెన్సీ హీట్ మీద ఇల్లు నడుపుకుంటూ, కంప్రెసర్ అడుగున ఉన్న హీటర్ ఆ నూనెని వెచ్చబెట్టేదాకా ఆగాలి. మేము తీసింది గంటలోపే, ఫరవాలేదు. ఎమర్జెన్సీ హీట్ తీసేసి మామూలు హీట్‌కి మార్చాం. కంప్రెసర్ అందుకుంది. ఫ్యాను హోరు మొదలైంది. నల్ల తొడుగు ఉన్న లావు పైపు చివర వేలు ఆనించి చటుక్కున తీశాను, కాలుతోంది. చలికాలంలో ఆ పైపు కాలాలి. చల్లగా ఉంటే గ్యాసు దారిని తిప్పే రివర్సింగ్ వాల్వ్ ఇరుక్కుందనో, కంప్రెసర్ నొక్కడం లేదనో అనుకోవాలి.

“అయిపోయినట్టేగా నాన్నా?” అన్నాడు అబ్బాయి.

“ఇంకా ఆవిరి రాలేదురా.”

కుర్చీ కిటికీ పక్కకి లాక్కుని కూర్చున్నాను. మనవడు వచ్చి ఒళ్లో చేరాడు. కోడలిచ్చిన కాఫీ చేతిలో పొగలు కక్కుతోంది. ఓ పాత నోటుబుక్కులో గంట వేసి రాయడం మొదలుపెట్టాను, ఫ్యాక్టరీలో లాగ్‌బుక్కు రాసినట్టే. 7:30, మొదలు. 8:00, కాయిల్ అడుగున నూగు. 8:30, సగందాకా తెలుపు. ఇల్లు 63. 9:00, రేకుల మధ్య సందులు పూడుతున్నాయి. ఇల్లు 65.

ఈ దశలో బాగున్న హీట్ పంపు ఏం చేస్తుందో చెబుతాను. కాయిల్ గడ్డకట్టిందని దానికి అతికించిన చిన్న స్విచ్ పసిగడుతుంది. టైమర్ రకం బోర్డయితే 30, 60 లేదా 90 నిమిషాల లెక్క పూర్తవగానే రివర్సింగ్ వాల్వ్ బుస్సుమని తిరుగుతుంది. మిషను కాసేపు ఎండాకాలపు ఏసీలా మారి, వేడి గ్యాసుని బయటి కాయిల్లోకి పంపుతుంది. పైన ఫ్యాను ఆగుతుంది. ఐసు కరిగి యూనిట్‌లోంచి తెల్లటి ఆవిరి మబ్బులాగా లేస్తుంది. అది చూసి ఇల్లు తగలబడుతోందని హడలిపోయేవాళ్లున్నారు. మహా అయితే పది నిమిషాల్లో పని ముగించుకుని మళ్లీ వేడి ఇవ్వడం మొదలుపెడుతుంది. దాన్నే డీఫ్రాస్ట్ అంటారు. కేరీలాంటి చెమ్మగాలి ఊళ్లో అది లేకుండా హీట్ పంపు ఒక్క రోజు కూడా బతకదు.

ఈ ఇంటి బోర్డు 90 నిమిషాల మీద ఉందని పోయినసారి సర్వీసుకొచ్చినతను అబ్బాయికి చెప్పాడట. 9:15. 9:30. ఫ్యాను తిరుగుతూనే ఉంది. పదిన్నర అయింది. మూడు గంటలు. కాయిల్ అంతా తెల్లటి గోడ అయిపోయింది. ఇల్లు 66 దగ్గర ఆగి, 65కి దిగింది. ఆవిరి రాలేదు.

ఫిల్టరూ చూరు నీళ్లూ మేము చూసుకోగలిగినవి, చూసుకున్నాం. డీఫ్రాస్ట్ రావడం లేదంటే కాయిల్ స్విచ్ గానీ బోర్డు గానీ పోయింది. అక్కడ 240 వోల్టులు ఉంటాయి. ఇక గ్యాసు గొట్టాల మీద చెయ్యి వేయాలంటే ఈ దేశంలో చట్టమే ఒప్పుకోదు, క్లీన్ ఎయిర్ యాక్ట్ 608వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఉన్నవాళ్లే ముట్టాలి. “ఇప్పుడు పిలవరా, ఏం చెప్పాలో మనకి తెలుసు,” అన్నాను. ‘హీటు రావడం లేదు’ అని చెప్పడం వేరు. ‘ఫిల్టర్ మార్చాం, పైపు కాలుతోంది, ఐసు సమంగా పడుతోంది, మూడు గంటల్లో ఒక్క డీఫ్రాస్ట్ రాలేదు’ అని చెప్పడం వేరు. వచ్చేవాడు వ్యానులో ఏ భాగం వేసుకుని బయల్దేరాలో ఆ రెండో మాటే చెబుతుంది. మళ్లీ ఎమర్జెన్సీ హీట్‌కి మార్చాం.

ఒంటిగంటకి వచ్చాడు. పాతికేళ్లుంటాయేమో, వేలి కొసలు కోసేసిన చేతిజోళ్లు. నా నోటుబుక్కు అబ్బాయి చదివి వినిపిస్తే శ్రద్ధగా విన్నాడు. మూత విప్పి, కాయిల్ గొట్టానికి క్లిప్పుతో పట్టి ఉన్న బొటనవేలంత స్విచ్‌ని చూపించాడు. దాని వైర్లకి మీటరు పెట్టాడు. గొట్టం మీద ఐసు ఉంది కాబట్టి స్విచ్ మూసుకుని ఉండాలి, మీటరు పలకాలి. పలకలేదు. చలిని కనిపెట్టాల్సిన కన్నే పోయింది. అందుకని బోర్డు ఇన్నాళ్లూ కాయిల్ వెచ్చగానే ఉందనుకుంటోంది.

గ్యాసు గురించి అతను మాటెత్తలేదు, అది నాకు నచ్చింది. గేజీ పెట్టకుండానే ‘గ్యాసు అయిపోయింది, నింపాలి’ అనే మాట మన భీమవరంలో ఏసీ సర్వీసుకొచ్చినవాళ్ల దగ్గరా విన్నాను. గ్యాసు పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. కారే చోటు పట్టుకోకుండా నింపితే మళ్లీ ఏడాదీ నింపాలి. ఎవరైనా ఆ మాట అంటే ‘లీకెక్కడో చూపించండి’ అని అడగండి.

పావుగంటలో కొత్త స్విచ్ బిగించాడు. బోర్డు మీద రెండు పిన్నులు కలిపి, టైమర్ కోసం ఆగకుండా డీఫ్రాస్ట్ మొదలెట్టించాడు. ఫ్యాను ఆగింది. బుస్సుమంది. ఒక నిమిషం ఏమీ లేదు. తరవాత కాయిల్ మీద తెలుపు చెమర్చింది, అడుగునుంచి నీళ్లు ధారకట్టాయి, పెట్టె నాలుగు పక్కలనుంచీ ఆవిరి లేచి చూరుదాకా పాకింది.

“తాతయ్యా, పొగ!” అన్నాడు మనవడు కిటికీ అద్దానికి ముక్కు ఆనించి.

“పొగ కాదు నాన్నా, ఆవిరి,” అని నోటుబుక్కులో రాశాను. 1:40, డీఫ్రాస్ట్. 1:47, ఫ్యాను మళ్లీ తిరిగింది. నాలుగింటికి ఇల్లు 69.

ఆ నోటుబుక్కు ఇప్పుడు థర్మోస్టాట్ కింద మేకుకి వేలాడుతోంది. కోడలు మొదటి పేజీలో ఫిల్టర్ తేదీ రాసింది. మీ ఇంట్లోనో మీ పిల్లల ఇంట్లోనో హీట్ పంపు ఉంటే ఈ పూటే ఫిల్టర్ తీసి లైటుకి ఎదురుగా పట్టుకోండి. వెలుతురు ఇవతలికి రాకపోతే మార్చండి, మార్చిన తేదీ దాని అంచు మీదే రాయండి. చలి ఉన్న రోజు ఒక్క రెండు గంటలు కిటికీ దగ్గర కూర్చుని, ఆవిరి లేస్తోందో లేదో చూడండి.